రాజు ముఖం చూడకుండా రెండేళ్లు

అబ్షాలోము కథను మన సండే స్కూళ్లలో దాదాపు ఒకే రకంగా చెబుతాం. అందగాడు, ఒత్తయిన జుట్టు, తండ్రి మీద తిరగబడ్డాడు, చెట్టుకు తల చిక్కుకుని చచ్చిపోయాడు. కాబట్టి పిల్లలూ, తల్లిదండ్రులకు లోబడండి. పాఠం అయిపోతుంది, బిస్కెట్లు పంచుతాం. మల్కాజిగిరిలో మా సంఘంలో చాలా ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. చెప్పేకొద్దీ నా మనసు ఆ చెట్టు దాకా వెళ్లడం లేదు. అంతకు నాలుగు అధ్యాయాల ముందే, 2 సమూయేలు 14వ అధ్యాయం 28వ వచనం దగ్గర ఆగిపోతోంది. అబ్షాలోము యెరూషలేములో రెండు నిండు సంవత్సరాలు ఉన్నాడు, రాజు ముఖం చూడలేదు.

ఒకటే ఊరు. తండ్రి అక్కడే, కొడుకు అక్కడే.

దానికి ముందు జరిగింది చిన్న విషయమేమీ కాదు. అబ్షాలోము చెల్లెలు తామారును సవతి అన్న అమ్నోను చెరిచాడు. ఆ ఘోరం విని తండ్రి దావీదు రాజు చాలా కోపగించుకున్నాడని బైబిలు రాస్తుంది. కోపం తర్వాత ఏం చేశాడో రాయదు. రెండేళ్లు చూసి అబ్షాలోము తానే చెల్లెలి పగ తీర్చుకున్నాడు. అమ్నోనును చంపించి, తల్లి తరఫు తాత ఏలే గెషూరుకు పారిపోయి, అక్కడ మూడేళ్లు తలదాచుకున్నాడు. దావీదు సేనాధిపతి యోవాబు తెకోవ అనే ఊరి నుంచి తెలివైన ఒక స్త్రీని పిలిపించి, ఆమె చేత ఒక కథ చెప్పించి, రాజు మనసు కరిగించి కుర్రవాణ్ణి వెనక్కి రప్పించాడు. వచ్చాక దావీదు పెట్టిన షరతు ఒక్కటే. తన ఇంటికి పోనివ్వండి, నా ఎదుటికి మాత్రం రాకూడదు.

శిక్ష వేయలేదు, క్షమించనూ లేదు. చివరికి అబ్షాలోము యోవాబు యవల చేనుకు నిప్పు పెట్టించాడు, తండ్రికి ఒక కబురు చేరడం కోసం. రాజు పిలిపించాడు, ముద్దుపెట్టుకున్నాడు. ఒక్క మాట మాట్లాడినట్టు రాయలేదు. పేజీ తిప్పితే అబ్షాలోము పట్టణ ద్వారం దగ్గర నిలబడి ఉంటాడు. వ్యాజ్యాలతో వచ్చినవాళ్లను పలకరించి, ఏ ఊరని అడిగి, నీ మాట వినడానికి రాజు దగ్గర ఒక్కడూ లేడని చెబుతుంటాడు. అది కుట్రలో భాగమే, ఒప్పుకుంటాను. కానీ ఆ కుట్రదారుడు తనకు బాగా తెలిసిన సంగతే చెబుతున్నాడు.

ఈ జంటనగరాల్లోని మన క్రైస్తవ ఇళ్లలో దావీదు పద్ధతి నడుస్తోందని, దాన్నే దేవుని పద్ధతి అనుకుంటున్నామని నా గట్టి అభిప్రాయం. బైబిల్లో తండ్రియైన దేవుడు గద్దిస్తాడు, అడ్డుకుంటాడు, చేసినదాని ఫలితం అనుభవించనిస్తాడు. తప్పు చేసిన బిడ్డతో మాటలు మాత్రం తెంచుకోడు. సొంత పిల్లల్ని పెంచడమైనా, సంఘంలో యౌవనుల్ని నడిపించడమైనా, ఈ ఒక్కటి లేకుండా మిగతా ఎన్ని ఉన్నా ఆయన పోలిక రాదు.

బెత్తం గురించి చాలామంది రాశారు, నేను ఎక్కువ రాయను. 2009 విద్యాహక్కు చట్టం బడుల్లో పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించింది. ఇళ్లలోనూ మా తరం తిన్నన్ని దెబ్బలు ఇప్పటి పిల్లలు తినడం లేదు. "మేం చేయి చేసుకోమండీ" అని చెప్పే తండ్రులు మా సంఘంలో చాలామంది ఉన్నారు, దేవునికి స్తోత్రం. కానీ ఆ ఇళ్లలో కొన్నింట్లో బెత్తం ఉన్న చోటికి మౌనం వచ్చి కూర్చుంది. అబ్బాయికి ఇంటర్‌లో సబ్జెక్టులు పోయాయి. అమ్మాయి ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతోందని తెలిసింది. డిగ్రీ రెండో ఏడాది పిల్లవాడు ఇక చర్చికి రానన్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో మాటలు బంద్. "మీ వాణ్ణి తినమను." "మమ్మీ, బస్ పాస్‌కి డబ్బులు కావాలని డాడీకి చెప్పు." యోవాబు చేసిన రాయబారం పని మన ఇళ్లలో అమ్మ మీద పడుతుంది. రెండు గదుల మధ్య తిరిగి తిరిగి ఆమె అలిసిపోతుంది.

ఇంకా బాధ కలిగించేది రాత్రి కుటుంబ ప్రార్థన. పగలంతా బిడ్డతో ఒక్క మాట మాట్లాడని తండ్రి, మోకాళ్ల మీద కూర్చుని, ఆ బిడ్డ వింటుండగా, "ప్రభువా, ఈ ఇంట్లో లోబడని ఆత్మను తీసివేయుము" అని ప్రార్థిస్తాడు. దేవునితో మాట్లాడుతున్నట్టు ఉంటుంది గానీ, ఆ మాట ఎవరికి తగలాలో వాళ్లకే తగులుతుంది. యూత్ మీటింగుల్లో పిల్లలు నాతో చెప్పుకున్న విషయాల్లో ఈ ప్రార్థనలంత లోతుగా గుచ్చుకున్నవి తక్కువ. దెబ్బలు మర్చిపోయినవాళ్లు ఉన్నారు. ఆమేన్ అనాల్సి వచ్చిన ఆ రాత్రుల్ని మర్చిపోయినవాళ్లు నాకు కనిపించలేదు.

ఇప్పుడు దేవుడు ఏం చేశాడో చూద్దాం. ఏదెను తోటలో ఆదాము హవ్వలు తప్పు చేశాక ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట "నీవు ఎక్కడ ఉన్నావు?" తీర్పు ఆ తర్వాతే వచ్చింది. వచ్చింది, దాన్ని తగ్గించలేదు, తోట నుంచి బయటికి పంపేశాడు కూడా. అయితే పంపే ముందు చర్మపు చొక్కాలు చేయించి తొడిగించాడు. కయీను విషయంలో తప్పు జరగక ముందే వచ్చి, నీ ముఖం ఎందుకు చిన్నబుచ్చుకున్నావని అడిగాడు. అతను వినలేదు. హత్య జరిగాక మళ్లీ వచ్చి, నీ తమ్ముడెక్కడ అని అడిగాడు. శిక్ష వేశాడు. శిక్ష భరించలేనిదని కయీను మొరపెట్టుకుంటే అదీ విన్నాడు, ఎవరూ చంపకుండా అతనికి ఒక గురుతు వేశాడు. తమ్ముణ్ణి చంపినవాడితో దేవుడు మాట్లాడినన్ని మాటలు మనలో కొందరు లెక్కల్లో ఫెయిలైన కొడుకుతో మాట్లాడం.

ప్రవక్త ఏలీయా ఇంకో రకం. కర్మెలు కొండ మీద అంత విజయం తర్వాత యెజెబెలు రాణికి భయపడి, అరణ్యంలో ఒక చెట్టు కింద కూర్చుని, నా ప్రాణం తీసుకో అన్నాడు. ప్రవక్త అనాల్సిన మాటేనా అది? దేవుడు ఉపదేశమేమీ చేయలేదు. పడుకోనిచ్చాడు. దేవదూత వచ్చి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి, నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది, తిను అన్నాడు. "ఇక్కడ నీవేమి చేయుచున్నావు?" అన్న ప్రశ్న హోరేబు కొండ దగ్గర, నలభై రోజుల తర్వాత వచ్చింది. అంతసేపు ఆగి అడిగిన ప్రశ్న కాబట్టే ఏలీయా మనసులో ఉన్నదంతా బయటికి వచ్చింది.

వాక్యం బాగా చదివిన ఒక పెద్దాయన నాతో ఇక్కడే వాదానికి దిగారు. "దేవుడు కూడా ముఖం దాచుకుంటాడు కదమ్మా. కీర్తనల్లో లేదా?" ఉంది. 13వ కీర్తనలో దావీదే, ఎంతకాలం నాకు విముఖుడివై ఉంటావని ఏడ్చాడు. యెషయా 54లో దేవుడే, నిమిషమాత్రం నిన్ను విడిచిపెట్టాను అని చెప్పాడు. ఈ మాటల్ని దాటేసి పోవడానికి వీల్లేదు. అయితే అదే యెషయాలో ఆ నిమిషానికి ఎదురుగా పెట్టింది నిత్యమైన కృప. మన ఇళ్లలో ఈ కొలతలు తారుమారవుతున్నాయి. కోపం నెలలు నడుస్తుంది, కృప పుట్టినరోజుకో, బాప్తిస్మం రోజుకో వస్తుంది. ఇక కీర్తనల సంగతి నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేస్తుంది. నువ్వెందుకు పలకడం లేదని బిడ్డ పెట్టుకున్న ఫిర్యాదును ఆ తండ్రి తన గ్రంథంలోనే ఉంచాడు, తరతరాలుగా పాడించాడు. మన ఇంట్లో కూతురు వచ్చి, "డాడీ, మీరు నాతో ఎందుకు మాట్లాడట్లేదు?" అని గట్టిగా అడిగితే దాన్ని ఎదురు చెప్పడం అంటాం. కీర్తనలు చదివే ఇంట్లో ఆ ప్రశ్నకు చోటుండాలి.

ఇదంతా మెతకతనం అనేవాళ్లు ఉంటారు. వాళ్లకు నేను చెప్పేది యాజకుడు ఏలీ సంగతి. ఏలీ తన కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసులతో మాట్లాడాడు. వాళ్లు చేస్తున్నది తప్పని స్పష్టంగానే చెప్పాడు. దేవుడు అతని మీద మోపిన నేరం వేరు: తెలిసి కూడా వాళ్లను అడ్డుకోలేదు. దావీదు ఇంకో కొడుకు అదోనీయా గురించి 1 రాజుల మొదటి అధ్యాయంలో, ఇలా ఎందుకు చేస్తున్నావని తండ్రి ఎన్నడూ అడగలేదని ఒక చిన్న వాక్యం ఉంది. ఒక కొడుకును ఎదుటికి రానివ్వలేదు, ఇంకో కొడుకును ఏమీ అనలేదు. ఆ ఇద్దరి కథలూ చివరికి తిరుగుబాటు దాకానే వెళ్లాయి. కాబట్టి మాట్లాడితే చాలు, అంతా సర్దుకుంటుందని నేను అనడం లేదు. బండి తాళాలు తీసుకోండి. ఫోన్ తీసుకోండి. చెప్పిన అబద్ధానికి మూల్యం కట్టించండి. అన్నం దగ్గర పక్కన కూర్చోవడం మాత్రం ఆపకండి.

నేను దీన్ని పుస్తకంలో నేర్చుకోలేదు. మా డాడీ లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. అన్నయ్యకు ఇంటర్‌లో మ్యాథ్స్ పోయినప్పుడు మా క్వార్టర్స్‌లో ఆ సాయంత్రం ప్రతి ఇంటి ముందూ ఫలితాల మాటలే. డాడీ డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, వాణ్ణి వెంటబెట్టుకుని సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్‌కి నడిపించుకుని వెళ్లారు. "పరీక్ష మళ్లీ రాయొచ్చు. ముందు తిను" అన్నారని అన్నయ్య తర్వాత చెప్పాడు. మ్యాథ్స్ మాట ఆ రాత్రి ఎత్తలేదు. తర్వాత ఒక రోజు సెలవు పెట్టి వాడితో కాలేజీకి వెళ్లి, సప్లిమెంటరీ ఫీజు కౌంటర్ లైన్లో పక్కనే నిలబడ్డారు.

అదే అన్నయ్య ఇంకోసారి ట్యూషన్ ఫీజు డబ్బు ఖర్చుపెట్టుకుని, కట్టానని అబద్ధం చెప్పాడు. అప్పుడు డాడీ వేరే మనిషి. వేసవి సెలవులంతా కాచిగూడలో తెలిసినవాళ్ల ప్రింటింగ్ ప్రెస్‌లో పనికి పెట్టి, ఆ డబ్బు పైసాతో సహా తిరిగి కట్టించారు. మమ్మీ ఏడ్చింది, అయినా వినలేదు. కానీ ప్రతి రాత్రీ అన్నం దగ్గర, ఈ రోజు ఏం అచ్చేశారురా, పెళ్లి కార్డులా, కరపత్రాలా అని అడిగేవారు. వాడు మొదట ముక్తసరిగా చెప్పేవాడు. జూన్ వచ్చేసరికి అక్షరాలు ఎలా కూర్చుతారో మా అందరికీ చేతులతో చూపించి చెబుతున్నాడు. హెబ్రీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయంలో ప్రభువు తాను ప్రేమించేవాణ్ణి శిక్షిస్తాడని చదివినప్పుడు నాకు భయం వేయదు. ఆ శిక్షను నేను మా ఇంట్లో, అన్నం పళ్లెం ముందు చూశాను.

పౌలు ఎఫెసీయులకు "తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక" అని రాసిన కాలాన్ని కూడా గుర్తుపెట్టుకోవాలి. రోమా చట్టం ఇంటి పెద్దకు పిల్లల ప్రాణాల మీద కూడా అధికారం ఇచ్చిన రోజులవి. అలాంటి లోకంలో ఆయన తండ్రుల వైపు తిరిగి, మీరు చేయకూడనిది ఒకటుందని చెప్పాడు. కొలొస్సయులకు రాసేటప్పుడు కారణం కూడా చెప్పాడు: పిల్లల మనస్సు కుంగకుండా. సామెతల్లోని "బెత్తము వాడనివాడు తన కుమారునికి విరోధి" అన్న మాట మన పుల్పిట్ల మీద నుంచి విన్నన్నిసార్లు ఈ మాటను విన్నామా? నేనైతే వినలేదు.

ఇక నేను ఈ వ్యాసం రాయడానికి కూర్చున్న అసలు కారణానికి వస్తాను. ఫలితాల తర్వాతి ఆదివారం మన చర్చిల్లో జరిగే కార్యక్రమం ఆపేయాలని నా కోరిక.

అందరికీ తెలిసిందే. ఇంటర్, ఎంసెట్ ఫలితాలు వచ్చిన వారం (పేరు ఇప్పుడు ఎప్‌సెట్ అయింది, మన నోళ్లు మారలేదు), ఆరాధన చివర్లో ర్యాంకులు వచ్చిన పిల్లల్ని ముందుకు పిలుస్తారు. శాలువా, చిన్న మెమెంటో, తల్లిదండ్రుల సాక్ష్యం. "దేవుడు మా బిడ్డకు ఇంత ర్యాంకు ఇచ్చి తన్ను తాను ఘనపరచుకున్నాడు." హాలంతా చప్పట్లు. ఆ చప్పట్ల మధ్య వెనక బెంచీల్లో కూర్చున్న పిల్లల ముఖాలు చూడండి. ఇంకా కొందరు ఆ ఆదివారం అసలు రారు. తలనొప్పి అంటారు, ఊరెళ్లారంటారు. దేవుడు ర్యాంకు ఇచ్చి తన్ను ఘనపరచుకుంటే, ర్యాంకు రానివాడి విషయంలో ఆయన ఏం చేసినట్టు? ఈ ప్రశ్న ఆ పిల్లలు మనల్ని అడగరు. లోపల మాత్రం అడుగుతారు, జవాబు కూడా తామే చెప్పుకుంటారు. మనం అటూ ఇటూ చూసుకునేలోగా చర్చికి దూరమవుతారు.

యొర్దాను దగ్గర ఏం జరిగిందో మత్తయి 3వ అధ్యాయంలో ఉంది. యేసు బాప్తిస్మం తీసుకుని నీళ్లలో నుంచి పైకి వచ్చాడు. అప్పటికి ఒక్క అద్భుతం చేయలేదు, కొండమీద ప్రసంగం చేయలేదు, ఒక్క శిష్యుణ్ణి పిలవలేదు. నజరేతులో వడ్రంగి పనిలో గడిపిన ముప్ఫై ఏళ్లే ఆయన వెనక ఉన్నాయి. ఆకాశం నుంచి తండ్రి స్వరం వినిపించింది: "ఈయనే నా ప్రియ కుమారుడు, ఈయనయందు నేనానందించుచున్నాను." ఆ మాట విన్నాకే నలభై రోజుల ఉపవాసం, శోధన. అక్కడ అపవాది ఎత్తుకున్న మొదటి మాట కూడా, నీవు దేవుని కుమారుడవైతే నిరూపించు అనే. తండ్రి ముందే అన్నాడు కాబట్టి కుమారుడికి నిరూపించుకోవాల్సిన అవసరం రాలేదు. మన పిల్లలు అమీర్‌పేట కోచింగుల్లోకి, కార్పొరేట్ కాలేజీల హాస్టళ్లలోకి ఆ మాట వినకుండా వెళ్తున్నారు. ర్యాంకు వస్తే వింటాంలే అనుకుని వెళ్తున్నారు.

2019 ఏప్రిల్ మన రాష్ట్రంలో ఎవరూ మర్చిపోకూడని నెల. ఇంటర్ ఫలితాలు వచ్చాక 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల తయారీలో తప్పులు జరిగాయని ప్రభుత్వం వేసిన కమిటీయే తేల్చింది. తెలుగులో సున్నా వచ్చిందని మెమోలో చూపించిన ఒక అమ్మాయికి, మళ్లీ దిద్దితే 99 అని తేలింది. ఆ కాగితాన్ని చూసి బిడ్డ వైపు ముఖం ఎలా పెట్టాలో నిర్ణయించుకునే తండ్రులు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. మార్కులు నిజంగానే సున్నా అయినా నేను చెప్పేది మారదు. పిల్లలు చీకటి మాటలు మాట్లాడుతుంటే ప్రార్థన చేయించి ఊరుకోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఏలీయాకు దేవుడు ముందు రొట్టె, నిద్ర ఇచ్చాడు. శరీరానికి కావాల్సింది ఇవ్వడం విశ్వాసానికి తక్కువేమీ కాదు.

శాలువాలు వద్దని మా కమిటీలో చెప్పాను. ఒప్పుకున్నవాళ్లూ ఉన్నారు, కష్టపడ్డ పిల్లల్ని మెచ్చుకోవద్దా అని బాధపడ్డవాళ్లూ ఉన్నారు. మెచ్చుకోండి. ఇంటికి వెళ్లి మెచ్చుకోండి, స్వీట్లు పట్టుకెళ్లండి. ఆరాధనలో మాత్రం పరీక్ష రాసిన ప్రతి పిల్లనూ, పిల్లవాణ్ణీ పేరు పెట్టి పిలిచి, తల మీద చేయి ఉంచి ప్రార్థించండి. పరీక్షలకు ముందు చేస్తాం కదా ఆ ప్రార్థన, హాల్ టికెట్లు, పెన్నులు బల్ల మీద పెట్టించి. ఫలితాల తర్వాత కూడా అందరికీ చేయండి.

తండ్రి అన్న మాటే గాయంగా ఉన్నవాళ్లు మన మధ్య చాలామంది ఉన్నారు. తాగొచ్చి కొట్టిన తండ్రి, వదిలేసి వెళ్లిన తండ్రి. వాళ్లకు "దేవుడు నీ తండ్రి" అని చెప్పేసి ఊరుకుంటే ఆదరణ కలగదు. తల్లిదండ్రులు విడిచినా యెహోవా చేరదీస్తాడని 27వ కీర్తన చెప్పే మాట వాళ్ల కోసమే ఉంది. తల్లి ఆదరించినట్టు ఆదరిస్తానని యెషయా 66లో ఆయనే అన్నాడు కాబట్టి, ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్న తల్లులు తమ ఇంట్లో దేవుని పోలిక సగమే ఉందని అనుకోనక్కర్లేదు. పౌలు శిష్యుడు తిమోతిని నిలబెట్టింది అవ్వ లోయి, తల్లి యునీకే. అతని తండ్రి గ్రీసు దేశస్థుడన్న ఒక్క ముక్క తప్ప ఆయన గురించి మనకేమీ తెలియదు.

ఆ తిమోతికి తర్వాత పౌలు తండ్రి అయ్యాడు. మెంటరింగ్ అనే మాట ఇప్పుడు మన చర్చిల్లో బాగా వినిపిస్తోంది, సెమినార్లు, వర్క్‌బుక్కులు కూడా వచ్చాయి. కొరింథీయులకు పౌలు రాసిన మాట మన హైదరాబాద్‌కే రాశాడా అనిపిస్తుంది: క్రీస్తునందు "ఉపదేశకులు పదివేలమంది యున్నను తండ్రులు అనేకులు లేరు." వాక్యం చెప్పేవాళ్లకు ఈ నగరంలో కొరత లేదు. యూట్యూబ్ తెరిస్తే చాలు. ఖమ్మం నుంచో, గుంటూరు నుంచో, కరీంనగర్ నుంచో వచ్చి ఎస్సార్ నగర్ హాస్టల్లో ఉంటున్న కుర్రాడికి ఉద్యోగం పోతే ఆ రాత్రి ఎవరికి ఫోన్ చేయగలడు? ఇంటికి చెప్పలేడు. పాస్టరుగారికి వెయ్యిమంది. ఆ ఫోన్ ఎత్తేవాడు ఒకడుంటే, వాడు ఒక్క వర్క్‌బుక్కూ చదవకపోయినా మెంటరే.

చెడు వార్త చెప్పగలిగే మనిషి. మెంటర్ గురించి నేను ఇంతకంటే మంచి వివరణ ఇవ్వలేను. దీనికి నాకు దొరికిన ఉదాహరణ మళ్లీ ఏలీయే. సొంత కొడుకుల విషయంలో ఓడిపోయిన మనిషి. కళ్లు మసకబారాయి. అలాంటివాడి దగ్గర సమూయేలు పెరిగాడు. రాత్రి ఏలీయే పిలిచాడనుకుని పిల్లవాడు మూడుసార్లు లేచి వచ్చినా ఏలీ విసుక్కోలేదు. మూడోసారి, పిలుస్తున్నది తాను కాదు, దేవుడని గ్రహించి, ఇంకోసారి పిలిస్తే ఏం చెప్పాలో నేర్పించి పంపాడు. పిల్లవాణ్ణి తన దగ్గర కట్టేసుకోలేదు. తెల్లారాక, దేవుడు ఏం చెప్పాడో ఏమీ దాచకుండా చెప్పమన్నాడు. ఆ వార్త తన ఇంటి నాశనం గురించి. సమూయేలు భయపడుతూనే అంతా చెప్పాడు, ఏలీ విన్నాడు. కోపం లేదు, ఎదురువాదం లేదు. సెలవిచ్చింది యెహోవా, ఆయనకు మంచిదనిపించింది ఆయన చేస్తాడు అన్నాడు. సొంత పిల్లలు దూరమైపోయి, ఇక మా వల్ల ఏమవుతుందని కూర్చున్న పెద్దలు మన సంఘాల్లో ఎంతమందో. వాళ్లకు ఈ అధ్యాయం చదివి వినిపించాలని ఉంటుంది.

పౌలు తోటి సేవకుడు బర్నబా కూడా అంతే. పంఫూలియలో సువార్త పని మధ్యలో వదిలేసి వెళ్లిపోయిన మార్కును మళ్లీ తీసుకెళ్లడానికి పౌలు ఒప్పుకోలేదు. బర్నబా వాదించి, చివరికి పౌలుతోనే విడిపోయి, ఆ కుర్రాణ్ణి తీసుకుని కుప్రకు ఓడ ఎక్కాడు. ఏళ్ల తర్వాత చెరసాలలో నుంచి పౌలే, మార్కును తీసుకురండి, అతడు నాకు ప్రయోజనకరమైనవాడని రాశాడు. ఆ మధ్య ఏళ్లలో బర్నబా ఏం నేర్పాడో ఎక్కడా లేదు. మార్కు ఆయన పక్కన ఉన్నాడని మాత్రమే తెలుసు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. "నేను నీ ఆత్మీయ తండ్రిని" అని చెప్పుకుంటూ పిల్లల పెళ్లిళ్లు, ఉద్యోగాలు, జీతాలు తమ చేతుల్లోకి తీసుకునేవాళ్లు ఉన్నారు. మాట వినకపోతే శాపం అని బెదిరిస్తారు. భూమ్మీద ఎవరినీ తండ్రి అని పిలవొద్దని మత్తయి 23లో యేసు అన్నది ఇలాంటి అధికారాన్ని చూసే. గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర హెబ్రోను ప్రార్థనా మందిరం మనందరికీ తెలుసు. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, క్రైస్తవుడై, 1933లో దేశానికి తిరిగొచ్చినప్పుడు ఇంటివాళ్లకు దూరమైన భక్తసింగ్ గారు అక్కడే ఎన్నో ఏళ్లు ఉన్నారు, 2000లో ఈ నగరంలోనే కన్నుమూశారు. వేలమందికి ఆయన తండ్రిలాంటివారు. చివరిదాకా అందరూ ఆయన్ని బ్రదర్ అనే పిలిచారు. ఆరాధన తర్వాత అందరూ వరసల్లో కూర్చుని తినే ప్రేమవిందు ఆ సహవాసాల్లో ఈనాటికీ ఉంది.

ఇంకొకటి. పిల్లలతో మాట్లాడటం తలుపులు తీసిన చోట, నలుగురికీ కనిపించే చోట జరగాలి. అమ్మాయిలకు స్త్రీలే తోడుండాలి. ఒక మైనరు తనపై లైంగిక వేధింపు జరిగిందని చెబితే, సంఘం పరువు కోసం దాచిపెట్టడం నేరం. 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయాల్సిందే. "ఎవరికీ చెప్పకు, నాకు చెప్పు" అనేవాడు మెంటర్ కాడు.

మా సంఘంలో మేం పెద్ద ప్రణాళికలేమీ వేయలేదు. ఇక్కడి చాలా హాస్టళ్లలో ఆదివారం రాత్రి వంట ఉండదు. పిల్లలు రోడ్డు పక్క బండి మీద ఏదో తిని పడుకుంటారు. అందుకని ఊరి నుంచి వచ్చిన పిల్లల పేర్లు రాసుకుని, ఒక్కో కుటుంబానికి ఇద్దరి చొప్పున పంచుకున్నాం. ఆదివారం రాత్రి భోజనం ఆ ఇంట్లో. బైబిలు పాఠం ఉండదు, ప్రశ్నలు ఉండవు. టీవీ ఉంటే ఉంటుంది. పప్పు, కోడికూర, లేదంటే గుడ్డు పులుసు. మొదటి నెలల్లో పిల్లలు తలవంచుకుని తినేసి, వందనాలు చెప్పి వెళ్లిపోయేవాళ్లు. ఇప్పుడు గిన్నెలు సర్దేటప్పుడు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడుతున్నారు. మా ఇంటికొచ్చే అబ్బాయి మొన్న, బ్యాక్‌లాగ్స్ ఉన్నాయని ఇంట్లో చెప్పలేదని అక్కడే చెప్పాడు. మా ఆయన చేయి కడుక్కుని వచ్చి, "ఎన్ని?" అని అడిగారు. తర్వాతి ఆదివారం ఆ అబ్బాయి తండ్రికి ఇద్దరూ కలిసి ఫోన్ చేశారు. అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత ఆయన, "తిన్నావా?" అని అడిగారు.

జూన్‌లో కాలేజీలు తెరుస్తారు. మీ ఇల్లు హాస్టళ్లకు దగ్గరైతే మీ పాస్టరుగారిని అడిగి రెండు పేర్లు తీసుకోండి.